ఆ చెరువు ఉంది, కానీ ఆ రైతుది కాదు: ఒక మేత డీలరు ఫారంలో డ్రాప్‌డౌన్ వ్యాలిడేషన్ కథ

భీమవరం చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసి పెట్టడం నా పని. రైస్ మిల్లులు, ఎరువుల దుకాణాలు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల మేత డీలర్లు నా దగ్గరకు వస్తుంటారు. ఈ కేసు ఒక మేత డీలరుది. ఊరు, పేర్లు, దుకాణాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని అంకెలు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే. డ్రాప్‌డౌన్‌లో (నొక్కితే జాబితా తెరుచుకునే గడిలో) మనం పెట్టినవే ఉంటాయి, వాటిలోంచే ఎంచుకుంటారు, తప్పు ఎలా పడుతుంది అని అనుకునే డెవలపర్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

నేపథ్యం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా వరికి పెట్టింది పేరయింది. తర్వాతి కాలంలో ఉండి, కాళ్ల, ఆకివీడు మండలాల వైపు చాలా చేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చాక ఆ జోరు ఇంకా పెరిగింది. ఇక్కడ చెరువు ఉన్నవాడే సాగు చేయాలని లేదు. ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, చెరువు లీజుకు ఇస్తాడు. లీజుకు తీసుకున్నవాడు ఒక పంట వేసి, నష్టం వస్తే మరొకరికి వదిలేస్తాడు. ఇద్దరు ముగ్గురు కలిసి వాటాలు వేసుకుని చేసే సాగులూ ఉంటాయి. ఏడాదిలో ఒకే చెరువు రెండు చేతులు మారడం ఇక్కడ వింతేమీ కాదు.

మేత ఎక్కువగా అప్పు మీదే నడుస్తుంది. సీడు (రొయ్య పిల్లలు) వేసిన దగ్గర్నుంచి పట్టుబడి (ఎదిగిన రొయ్యను పట్టడం) దాకా డీలరు బస్తాలు పంపుతాడు, రొయ్య అమ్మాక లెక్క తేలుతుంది. సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే. అందుకే ఖాతాలో ఒక్క బస్తా తేడా వచ్చినా మాట పట్టింపు దాకా పోతుంది.

మా డీలరుకు మూడు ఊళ్లలో దుకాణాలు, ఒక గోడౌన్ ఉన్నాయి. లారావెల్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో ఒక వెబ్ యాప్ రాసిచ్చాను, వెనకాల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. టేబుళ్లు సాదాసీదావే: ఊళ్లు, రైతులు, చెరువులు, మేతలు, ఇండెంట్లు (మేత పంపమనే ఆర్డర్లు). చెరువుల టేబుల్‌లో ప్రతి చెరువు పక్కన రైతు ఐడీ ఉండేది. ఇండెంటు ఫారంలో గుమస్తా ముందు ఊరు ఎంచుకుంటాడు. ఆ ఊరి రైతులు రెండో డ్రాప్‌డౌన్‌లోకి వస్తారు. రైతును ఎంచుకోగానే ఆయన చెరువులు మూడో డ్రాప్‌డౌన్‌లోకి వస్తాయి. తర్వాత మేత నంబరు (గుళిక సైజును బట్టి ఉండేది), బస్తాలు, తేదీ. మొత్తం ఆరు గడులు. ఏడాదిన్నర పాటు ఎవరూ ఏమీ అనలేదు.

సమస్య ఎలా బయటపడింది

ఒక పట్టుబడి తర్వాత లెక్క చూసుకోవడానికి వచ్చిన రైతు తన చీటీలన్నీ వరసగా పేర్చి చూపించాడు. ఖాతాలో పద్నాలుగు బస్తాలు ఎక్కువ ఉన్నాయి. "నేను తీసుకోని మేతకు నేనెందుకు కడతానండి" అన్నాడు. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా. ఆ నెమ్మదికే డీలరుకు టెన్షన్ పట్టుకుంది. ఇరవై ఏళ్ల ఖాతాదారు మరి.

ఆ రాత్రే డేటాబేస్ తెరిచాను. ఆ పద్నాలుగు బస్తాల ఇండెంటు రికార్డులో రైతు ఐడీ ఈయనది, చెరువు ఐడీ పక్క ఊళ్లో ఇంకొకరిది. ఫారం ప్రకారం ఇది జరగడానికి వీల్లేదు. రైతును ఎంచుకుంటే ఆయన చెరువులే కదా రావాలి. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూద్దామని ఇండెంట్ల టేబుల్‌ను చెరువుల టేబుల్‌తో కలిపి, రెండు వైపులా రైతు ఐడీ సరిపోలనివి అడిగాను. ముప్పై ఏడు వచ్చాయి.

మర్నాడు దుకాణంలో గుమస్తా పక్కన కూర్చున్నాను. అరవై దాటిన మనిషి, నోటిమీద లెక్క చెప్పగలడు. బయట ట్రక్ ఆటో ఆగి ఉంది, డ్రైవరు తొందర పెడుతున్నాడు. గుమస్తా వేళ్లకు మేత పొడి అంటుకుని ఉంది, ఫోన్ స్క్రీను మీద ఆ పొడి సన్నటి పొరలా పేరుకుంది. ఊరు ఎంచుకున్నాడు. రైతుల జాబితాలో వేలు జారి పక్క పేరు మీద పడింది. వెంటనే చూసుకుని సరైన పేరు నొక్కాడు. సిగ్నలు ఒక్క గీత మీద ఉంది. చెరువుల గడి ఖాళీగా తిరుగుతూ, తిరుగుతూ, నిండింది. మొదటి చెరువు ఎంచుకుని సేవ్ నొక్కేశాడు.

నిండింది ఎవరి చెరువులతో? పొరపాటున నొక్కిన మొదటి రైతువి. రెండు రిక్వెస్టులు వెళ్లాయి. రెండోదాని జవాబు ముందు వచ్చింది, మొదటిదాని జవాబు ఆలస్యంగా వచ్చి దానిమీద పడింది. పైన పేరు ఒకరిది, కింద చెరువు మరొకరిది. ఇక్కడ చాలా చెరువుల పేర్లు "పెద్ద చెరువు", "రోడ్డు పక్క చెరువు", "కొత్త చెరువు" అనే ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు అనుమానమే రాదు.

సర్వర్ వైపు నేను రాసిన వ్యాలిడేషన్ (వచ్చిన విలువ సరైనదేనా అని చూసే తనిఖీ) ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. లారావెల్‌లో ఎగ్జిస్ట్స్ అనే రూలు ఉంది, చెరువుకు అదే పెట్టాను. అది అడిగేది ఒక్కటే: ఈ ఐడీ చెరువుల టేబుల్‌లో ఉందా? ఉంది. ఈ రైతుదేనా అని అది అడగదు, నేను అడగమని చెప్పలేదు. ఇంకో లోటు కూడా కనపడింది. చెరువులను మేం పూర్తిగా తుడిచేయం, తొలగించిన తేదీ వేసి దాచేస్తాం. ఎగ్జిస్ట్స్ రూలు నేరుగా టేబుల్‌నే చూస్తుంది, ఆ దాపరికం దానికి తెలియదు. కాబట్టి ఏడాది కిందట తీసేసిన చెరువు ఐడీ వచ్చినా అది సరేనంటుంది. దాన్ని విడిగా చెప్పి ఆపాలి.

మొదట చేసిందీ, చాలనిదీ

రోగం బ్రౌజర్‌లో కనపడింది కాబట్టి మందు కూడా అక్కడే వేశాను. ప్రతి రిక్వెస్టుకు ఒక వరస సంఖ్య ఇచ్చి చివరి దాని జవాబునే తీసుకోవడం, జవాబు వచ్చేదాకా సేవ్ బటన్ ఆపడం. ఇది తప్పు పని కాదు. దానివల్ల గుమస్తాకు హాయిగా అయింది.

కానీ మూడు వారాల్లో ఇంకో రెండు తప్పుడు రికార్డులు పడ్డాయి. ఒకటి, పొద్దున తెరిచిన పేజీని సాయంత్రం దాకా అలాగే ఉంచి వాడినప్పుడు. మధ్యలో ఆఫీసులో ఎవరో ఆ చెరువును మరో రైతు పేరు మీదకు మార్చారు, పాత పేజీకి ఆ సంగతి తెలియదు. రెండోది వెనక్కి బటన్ వల్ల. సేవ్ చేసి వెనక్కి వస్తే కొన్ని బ్రౌజర్లు గడుల్లో పాత విలువలను అలాగే నింపి చూపిస్తాయి, అప్పుడు నా స్క్రిప్టు అనుకున్న వరసలో నడవదు. దుకాణంలో నాలుగు రకాల ఫోన్లున్నాయి. వాటన్నిటిలో ఏది ఎప్పుడు ఏం చేస్తుందో లెక్కగట్టి దారులన్నీ మూయగలననుకోవడం నా వల్ల అయ్యే పని కాదని అప్పుడు ఒప్పుకున్నాను. బ్రౌజర్ నుంచి వచ్చేది ఒక కోరిక మాత్రమే. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది టేబుళ్ల దగ్గర తేలాలి.

రెండో ప్రయత్నం: నిబంధన పెరిగింది, అబద్ధం మొదలైంది

సర్వర్ వైపు రూలుకు షరతు జోడించాను. ఈ ఐడీ చెరువుల టేబుల్‌లో ఉండాలి, తొలగించి ఉండకూడదు, ఆ రికార్డులో రైతు ఐడీ ఫారంలో వచ్చిన రైతు ఐడీతో సరిపోవాలి. మూడు లైన్ల మార్పు. టెస్టులన్నీ పాసయ్యాయి. సోమవారం పొద్దున పెట్టాను.

పదకొండింటికి ఫోన్. "చెరువు తీసుకోవట్లేదండి, ఎర్రక్షరాలొస్తున్నాయి." సంగతేమిటంటే చెరువుల టేబుల్‌లో ఉన్న రైతు ఐడీ చాలాచోట్ల ఆసామిది. మొదట్లో డేటా ఎక్కించినప్పుడు ఎవరి పట్టా అయితే వాళ్ల పేరే రాశారు. లీజుకు చేసే రైతులకు ఇన్నాళ్లూ మేత ఎలా ఎక్కిందని అడిగితే, గుమస్తా చెప్పిన జవాబుకు నాకు మాట రాలేదు. ముందు ఆసామిని ఎంచుకుని, చెరువు వచ్చాక, పైన పేరు మార్చేవాడట. పాత ఫారంలో చెరువు గడి అలాగే నిలిచిపోయేది కదా, అదే ఆయనకు దారి. అంటే ఆ ముప్పై ఏడులో కొన్ని తప్పులే కావు. సరైన లావాదేవీలే. వాటిని సరిగ్గా రాసుకునే చోటు నా టేబుళ్లలో లేదు.

ఇక నా కొత్త రూలు ఆ దారి మూసేసింది. ఆటో బయట ఆగి ఉంటే గుమస్తా ఏం చేస్తాడు? ఫారం ఏది తీసుకుంటే అది ఇస్తాడు. నాలుగు రోజులు లీజుదారుల మేతను ఆసాముల ఖాతాల్లో రాశాడు, పక్కన నోటుపుస్తకంలో అసలు పేర్లు రాసుకున్నాడు. ఆయన నిజాయితీ వల్ల ఆ నోటుపుస్తకం ఉంది, లేకపోతే ఆ నాలుగు రోజుల లెక్క ఇక ఎప్పటికీ తేలేది కాదు. పాత తప్పు అయినా జాయిన్ పెడితే (రెండు టేబుళ్లను కలిపి చూస్తే) కనపడేది. ఈ కొత్త తప్పులో రెండు ఐడీలూ చక్కగా సరిపోతాయి కాబట్టి ఏ క్వెరీకీ దొరకదు. ఈ కేసు మొత్తంలో నేను ఎక్కువగా ఆలోచించింది ఈ నాలుగు రోజుల గురించే. టేబుల్‌లో తప్పు సంబంధం ఉన్నప్పుడు వ్యాలిడేషన్‌ను గట్టి చేస్తే, మంచి మనుషుల చేత అబద్ధం రాయించినట్టవుతుంది.

శుక్రవారం ఆ షరతు తీసేశాను. తప్పులు పడతాయని తెలిసే తీశాను. కనపడే తప్పు నయం.

అప్పుడు డీలరు ఒక సలహా ఇచ్చారు. "చెరువు దగ్గర రైతు పేరు మార్చేస్తే పోలా?" అని. ఆసామి బదులు లీజుదారు ఐడీ పెట్టడమన్నమాట. ఒక దుకాణానికి ఆ షరతు మళ్లీ పెట్టి, అలా చేసి చూశాం. కిందటి పంట ఇండెంటులో బస్తాల సంఖ్య సరిచేయబోతే, చెరువు ఇప్పుడు ఇంకొకరిది కాబట్టి ఫారం ఒప్పుకోలేదు. పాత పంట రిపోర్టులో కూడా కొత్త రైతు పేరు వచ్చింది. ఈ దారి ఒక్క రోజులోనే మూసేశాం.

ఏది పనిచేసింది

మళ్లీ గుమస్తా దగ్గరకే వెళ్లాను. ఈసారి ఫారం పక్కన పెట్టి, ఆయన పాత ఖాతా పుస్తకం ఎలా రాసేవాడో అడిగాను. ప్రతి పేజీ పైన ఒకే తరహా వరస ఉంది: రైతు పేరు, చెరువు, ఎన్ని ఎకరాలు ఎన్ని సెంట్లు, సీడు వేసిన తేదీ. పట్టుబడి అవగానే కింద గీత కొట్టి, తర్వాతి పంటకు కొత్త పేజీ. ఆయనకు ఖాతా అంటే రైతూ కాదు, చెరువూ కాదు. ఒక రైతు, ఒక చెరువులో, ఒక తేదీ నుంచి ఇంకో తేదీ దాకా వేసిన ఒక పంట. ఏళ్ల తరబడి ఆయన పుస్తకంలో ఉన్న టేబుల్‌ను నేను వదిలేసి, దాని రెండు వైపులా ఉన్నవి మాత్రం కట్టుకున్నాను.

సాగులు అని కొత్త టేబుల్ పెట్టాను. అందులో చెరువు ఐడీ, రైతు ఐడీ, రొయ్యా చేపా, సీడు వేసిన తేదీ, మూసిన తేదీ. మూసిన తేదీ ఖాళీగా ఉంటే సాగు నడుస్తున్నట్టు. చెరువుల టేబుల్‌లో రైతు ఐడీని ఆసామి ఐడీ అని పేరు మార్చి, ఇండెంట్లకు దానితో పని లేకుండా చేశాను. ఫారంలో రైతు, చెరువు అనే రెండు గడులు పోయి సాగు అనే ఒక్క గడి వచ్చింది. గుమస్తా నాలుగక్షరాలు కొడితే "ఫలానా రైతు, రోడ్డు పక్క చెరువు, 2 ఎకరాల 40 సెంట్లు, సీడు ఫలానా తేదీ" అని వరసలు వస్తాయి. ఎంచుకునేది ఒకటే అయినప్పుడు రెండు గడులు ఒకదానికొకటి సరిపోకపోవడం అనే ప్రశ్నే రాదు.

ఈ ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ముగ్గురు నలుగురు ఉండటం మామూలే. అందుకే లేబుల్‌లో తండ్రి పేరు, ఫోన్ చివరి నాలుగంకెలు కూడా చేర్చాం. సర్వర్ లేబుల్‌ను చూడదు, ఐడీనే చూస్తుంది. కానీ ఐడీని ఎంచేది మనిషి, ఆ మనిషి చూసేది లేబుల్. లేబుల్ అయోమయంగా ఉంటే ఎంత మంచి వ్యాలిడేషన్ అయినా వేరే మనిషి ఐడీని కూడా ఆనందంగా ఒప్పుకుంటుంది.

ఇక తనిఖీ. డ్రాప్‌డౌన్ నింపే క్వెరీ ఒకచోట, తనిఖీ చేసే రూలు ఇంకోచోట రాయడం మానేశాను. "ఈ దుకాణానికి, ఈ తేదీకి చెల్లే సాగులు" అని ఒకే ఫంక్షన్. డ్రాప్‌డౌన్ దాన్ని పిలిచి జాబితా తెచ్చుకుంటుంది. సేవ్ చేసేటప్పుడు రూలు అదే ఫంక్షన్‌ను పిలిచి, వచ్చిన ఐడీ ఆ జాబితాలో ఉందా అని అడుగుతుంది. ఒకచోట షరతు మారితే రెండోచోట మరిచిపోయే అవకాశం ఇక లేదు. దుకాణం ఏదన్నది ఫారంలోంచి తీసుకోను, లాగిన్ అయిన గుమస్తా రికార్డులోంచి తీసుకుంటాను. ఫారంలో దాచిన గడిలో వచ్చే దుకాణం ఐడీని నమ్మితే, తనిఖీకి వాడే కొలబద్దను కూడా అవతలివాడి చేతికే ఇచ్చినట్టు.

తేదీ దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. మొదట ఈ రోజుకు నడుస్తున్న సాగులే చూపించాను. కానీ గుమస్తా చీటీలన్నీ సాయంత్రమో, ఒక్కోసారి రెండు రోజుల తర్వాతో ఎక్కిస్తాడు. ఈలోపు పట్టుబడి అయి సాగు మూసేసి ఉండొచ్చు. కాబట్టి చూడాల్సింది చీటీ తేదీ: సీడు తేదీ అంతకుముందు ఉండాలి, మూసిన తేదీ ఖాళీగానో ఆ తర్వాతో ఉండాలి. మేత ముందే దింపుకునే రైతులూ ఉన్నారు కాబట్టి సీడు తేదీకి వారం ముందు దాకా వెసులుబాటు ఇచ్చాం. ఆ వారం లెక్క నాది కాదు, గుమస్తా చెప్పింది.

పాత ఇండెంటు సరిచేసేటప్పుడు ఇంకో చిన్న నియమం. సాగు గడి మార్చకపోతే దాన్ని మళ్లీ తనిఖీ చేయను, మారిస్తేనే చేస్తాను. డ్రాప్‌డౌన్‌లో కూడా అప్పటికే సేవ్ అయి ఉన్న విలువ జాబితాలో లేకపోయినా కలిపి చూపిస్తాను. ఇది చేయకపోతే ఏమవుతుందో చాలా సాఫ్ట్‌వేర్లలో చూశాను. పాత విలువ జాబితాలో దొరకదు, గడి మొదటి వరస మీదకు జారుతుంది, వేరే ఏదో సరిచేద్దామని తెరిచినవాడు తెలియకుండానే దాన్ని సేవ్ చేసేస్తాడు.

మేత నంబరు కూడా సాగును బట్టే ఉండాలి. రొయ్యల సాగుకు చేపల మేత ఎంచితే ఫారం ఒప్పుకోదు, అది ఖచ్చితం. కానీ సాగు వయసును బట్టి ఫలానా నంబరు మేతే ఇవ్వాలని ఆపడం సరికాదనిపించింది. ఒక నంబరు నుంచి పై నంబరుకు మారేటప్పుడు కొన్ని రోజులు రెండూ కలిపి వేస్తారు. రొయ్య ఎదగకపోతే కింది నంబరే కొనసాగిస్తారు. అది రైతు చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) లేపి చూసి తీసుకునే నిర్ణయం. అందుకని అక్కడ పసుపు రంగులో ఒక హెచ్చరిక మాత్రం వస్తుంది, సేవ్ ఆగదు. ఏది ఎప్పుడూ నిజమో దాన్ని రూలుగా పెట్టాలి, ఏది మామూలుగా జరుగుతుందో దాన్ని గుర్తు చేసి వదిలేయాలి.

డేటాబేస్ అడుగున

ఖాతా రిపోర్టులు, ఆడిటరుకు వెళ్లే ఎక్సెల్ అన్నీ ఇండెంట్లలోని రైతు ఐడీ మీద ఆధారపడి ఉన్నాయి. ఆ కాలమ్ తీసేస్తే చాలా చోట్ల తిరగరాయాలి. ఉంచేద్దామనుకున్నాను, కానీ సాగులో ఒక రైతు, ఇండెంటులో ఇంకో రైతు ఉండే వీలు మళ్లీ రాకూడదు. అందుకే సాగు ఐడీ, రైతు ఐడీ రెండూ కలిపి ఒకే ఫారిన్ కీ (ఈ విలువ ఆ టేబుల్‌లో ఉండి తీరాలనే డేటాబేస్ కట్టడి) పెట్టాను. సాగుల టేబుల్‌లో ఆ రెంటి మీద కలిపి యూనిక్ ఇండెక్స్ (ఒకే జంట రెండుసార్లు రాకుండా చూసేది) ఉంటుంది, ఇండెంటులోని జంట ఆ జంటల్లో ఒకటి కావాలి. యాప్‌లోంచి కాకుండా ఎవరైనా నేరుగా డేటాబేస్‌లోకి ఎక్కించినా ఇది ఆపుతుంది. ఒక జాగ్రత్త: జంట ఫారిన్ కీలో ఒక్క కాలమ్ నల్ (ఖాళీ) అయినా మైఎస్‌క్యూఎల్ ఆ రికార్డును తనిఖీ చేయదు. రెండు కాలమ్‌లకూ నల్ వీల్లేదని విడిగా చెప్పాలి.

ఈ పని చేయబోతేనే ఇంకో విషయం బయటపడింది. పాత ప్రోగ్రామ్ నుంచి తెచ్చుకున్న ఇండెంట్ల టేబుల్ మైఐసామ్ ఇంజిన్‌లో (డేటాను నిల్వ చేసే ఒక పాత పద్ధతిలో) ఉంది. దానిమీద ఫారిన్ కీ రాస్తే తప్పు చూపించదు, కిమ్మనకుండా వదిలేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి ఫారిన్ కీలను పాటించే ఇన్నోడీబీ ఇంజినే డిఫాల్టు కాబట్టి ఆ ఆలోచనే రాలేదు, అదేమో అంతకంటే పాత కాలపు టేబుల్. అంటే మొదటిరోజు నేను రాసిన ఫారిన్ కీలు అసలు పుట్టనే లేదు. ఇంజిన్ మార్చి మళ్లీ పెడితే 1452 ఎర్రర్ వచ్చింది, సరిపోలని రికార్డులున్నాయని. ఆ ఎర్రర్‌ను చూసి నాకు ధైర్యం వచ్చింది. డేటాబేస్ మొదటిసారి నోరు తెరిచింది.

ఆ ముప్పై ఏడింటిని స్క్రిప్టుతో సరిచేయలేదు. స్క్రిప్టుకు తెలిసేది రెండు ఐడీలు సరిపోలేదని మాత్రమే, ఏది నిజమో దానికి తెలియదు. గోడౌన్ గేటు చీటీలు, గుమస్తా నోటుపుస్తకం, ఆటో డ్రైవరు సంతకాలు ముందు పెట్టుకుని రెండు ఆదివారాలు ఇద్దరం కూర్చున్నాం. ఇరవై రెండు లీజు సాగులు, అవి సరైనవే. పదమూడు నిజంగా తప్పు ఖాతాలో పడ్డాయి. రెండింటికి చీటీ దొరకలేదు, అవి డీలరు తన లెక్కలో వేసుకున్నారు. ఆ పద్నాలుగు బస్తాలు తీసుకున్న రైతు దొరికాడు. తన ఖాతా తక్కువ ఉందని ఆయనకు అనుమానం ఉందట, "మీరే అడుగుతారులే అని ఊరుకున్నానండి ఆయ్" అన్నాడు.

ఒకే చెరువులో ఒకే కాలానికి రెండు సాగులు తెరవకుండా చూడటం ఇంకో పని. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే తేదీల కాలం ఒకదానిమీద ఒకటి పడకుండా టేబుల్ స్థాయిలోనే కట్టడి పెట్టొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అది లేదు. అందుకని సాగు తెరిచే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి ఒకే పనిగా జరిగే అడుగుల్లో) ముందు ఆ చెరువు రికార్డుకు తాళం వేసి, అప్పుడు తేదీలు చూసి, అప్పుడు రాస్తున్నాను. చూడటానికీ రాయడానికీ మధ్య ఇంకొకరు దూరే సందు ఉండకూడదు. ఇండెంటు సేవ్ చేసేటప్పుడు కూడా సాగు రికార్డుకు ఇదే పద్ధతి.

ఎర్రక్షరాల సంగతి

నేను రాయకుండా వదిలేస్తే లారావెల్ ఇచ్చే సందేశం "ది సెలెక్టెడ్ పాండ్ ఐడీ ఈజ్ ఇన్‌వ్యాలిడ్". దాన్ని చదివి గుమస్తా చేయగలిగింది ఏమీ లేదు. మాటలు ఆయన చేతే రాయించాను. "ఈ సాగు ఫలానా తేదీన మూసేశారు. చీటీ తేదీ సరిచూడండి, లేదా కొత్త సాగు తెరవండి." "ఈ చెరువు మీ దుకాణం కిందిది కాదు." "ఇది రొయ్యల సాగు, చేపల మేత ఎంచారు." కారణం వేరైతే సందేశం వేరు. ఇందుకోసం రూలును ముక్కలు చేయాల్సి వచ్చింది: ముందు సాగు ఉందా, తర్వాత దుకాణం, తర్వాత తేదీ. కింద కొత్త సాగు తెరిచే బటన్ కూడా పెట్టాం. రూలు ఒక దారి మూసినప్పుడు పక్కనే సరైన దారి ఉంటే మనిషి అడ్డదారి వెతకడు. ఆ నాలుగు రోజుల నోటుపుస్తకం నాకు నేర్పింది ఇదే.

ఇదే పద్ధతి ఇంకోచోట కూడా కలిసొచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది, కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. నా ఇంకో క్లయింటు దగ్గర రైతు రికార్డులోనే జిల్లా పేరు అక్షరాల్లో రాసి ఉంటే, వందల రికార్డులు చేత్తో దిద్దాల్సి వచ్చింది. ఇక్కడ ఊరికి మండలం, మండలానికి జిల్లా అని టేబుళ్లు ఉన్నాయి. మండలాల టేబుల్‌లో ఒక్కో వరస మారిస్తే డ్రాప్‌డౌన్లూ తనిఖీలూ వాటంతటవే దారికొచ్చాయి.

ఇంకా మిగిలింది

సాగుల పద్ధతి వచ్చాక రెండు పంటలు గడిచాయి. ఖాతా ఒకరిది, చెరువు మరొకరిది అయిన ఇండెంటు ఒక్కటీ పడలేదు, పడటానికి డేటాబేస్ ఒప్పుకోదు. వాటాల సాగుకు ఇప్పటికి ఒకరి పేరే పెడుతున్నాం, ముగ్గురు వాటాదారులున్నా సరే. దానికి సాగు కింద ఇంకో టేబుల్ కావాలి, డీలరు ఇంకా తేల్చుకోలేదు.

కిందటి నెల గుమస్తా ఫోన్ చేశాడు. ఒక రైతుకు మేత ఎక్కడం లేదు, సాగు మూసేశారని వస్తోంది. చూస్తే మూసింది గుమస్తాయే, వారం కిందట, పట్టుబడి అయిందని. రైతు పట్టింది సగమే. చెరువులో కొంత రొయ్య పట్టి అమ్మి, పలచబడ్డాక మిగతాదాన్ని పెద్ద సైజుకు పెంచుతున్నాడు. ఆ మాట మా ఫారంలో ఎక్కడా లేదు. సాగును మళ్లీ తెరిచి మేత పంపించాం. రేపు గోడౌన్‌కు వెళ్లి, పట్టుబడి అనే బటన్‌ను కొంత పట్టుబడి, పూర్తి పట్టుబడి అని రెండుగా చేయాలా, లేక మూసే ముందు బస్తాల బాకీ చూపించి అడగాలా అన్నది గుమస్తా బాబాయ్ గారితో కూర్చుని తేల్చాలి.